గళ్లకు లేని పట్టింపు

2024 డిసెంబర్ 28. న్యూయార్క్ నగరం, వాల్ స్ట్రీట్. ఎత్తయిన స్తంభాల పాతకాలపు భవనం. లోపల వరుసగా బల్లలు, బల్లకు రెండు కుర్చీలు, మధ్యన గడియారం. ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగం పోటీలో ఆఖరి రౌండు. ఒక్కొక్కరికి పావుగంట సమయం, ఎత్తు వేసినప్పుడల్లా పది సెకన్లు అదనం. పది రౌండ్లు ముగిసేసరికి ఏడుగురు 7.5 పాయింట్లతో సమానంగా నిలిచారు. ఆ ఏడుగురిలో ఇద్దరు మన తెలుగు ఆడబిడ్డలే. ఒకరు గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, ఇంకొకరు గుంటూరు ద్రోణవల్లి హారిక.

హంపికి నల్లపావులు పడ్డాయి. ఎదుట ఇండోనేషియా క్రీడాకారిణి ఇరీన్ సుకందర్. డ్రా చేసుకుంటే పోయేదేమీ లేదు, పతకం అందినా అందవచ్చు. కానీ కిరీటం కావాలంటే గెలవాలి, అదీ నల్లపావులతో. మొదటి రోజు మొదటి ఆటలోనే ఓడిన మనిషి ఆమె. రెండో రోజు నాలుగు ఆటలు గెలిచి పైకి వచ్చింది. ఆ ఏడాది పొడవునా ఆమెకు కలిసి రాలేదు. కొన్ని పోటీల్లో అట్టడుగున మిగిలింది. ఇక ఆడటంలో అర్థం ఉందా అన్న ప్రశ్న తనను తొలిచిందని తర్వాత ఆమే చెప్పింది. వయసు 37. ఇంటి దగ్గర ఏడేళ్ల కూతురు.

మిగతా బల్లల మీద ఆటలు ఒకటొకటిగా డ్రా అవుతున్నాయి. హంపి బల్ల మీద మాత్రం ఆట తెగలేదు. చివరికి ఇరీన్ ఓడింది. 11 రౌండ్లకు 8.5 పాయింట్లు. తక్కినవారికంటే అరపాయింటు ముందు. 2019లో మాస్కోలో ఒకసారి, ఇప్పుడు మళ్లీ. కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్.

ఆ వారం పత్రికలు, టీవీలు ఎక్కువగా చెప్పుకున్నది వేరే సంగతి. అంతకు ముందురోజు అదే పోటీల్లో మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్ ప్యాంటుతో వచ్చి, మార్చుకొమ్మంటే ఒప్పుకోక ర్యాపిడ్ పోటీ నుంచి తప్పుకున్నాడు. ఆ ప్యాంటు గురించి రాసిన దానిలో పదో వంతు కూడా హంపి ఆడిన ఆటల గురించి రాయలేదు. ఓపెన్ విభాగం విజేతకు 90 వేల డాలర్లు, మహిళల విజేతకు 60 వేల డాలర్లు. ఈ రెండు సంగతులూ నాకు మింగుడు పడలేదు.

గెలిచాక హంపి ముందుగా తలచుకున్నది ఎత్తుల్ని కాదు, ఇంటివాళ్లను. తాను దేశాలు తిరుగుతుంటే కూతుర్ని చూసుకునేది తన తల్లిదండ్రులని, భర్త అండగా నిలిచాడని, వయసు పెరిగేకొద్దీ మన ఆడవాళ్లు ఆటలో పట్టుదల నిలుపుకోవడం తేలిక కాదని చెప్పింది. ఆ మాటలను మర్యాదకు చెప్పిన కృతజ్ఞతలుగా తీసుకోకూడదు. ఆడది బల్ల ముందు కూర్చోవాలంటే ఆమె వెనక ఏమేం జరగాలో ప్రపంచ విజేత లెక్క చెప్పింది.

ఆ లెక్క మొదలైంది గుడివాడలో. 1987 మార్చి 31న పుట్టిన బిడ్డకు తండ్రి కోనేరు అశోక్ పెట్టిన పేరులోనే చాంపియన్ అన్న మాట దాచాడు. ఆయన స్వయంగా టోర్నమెంట్లు ఆడినవాడు. కూతురి చేతిలో ఆట ఉందని తెలిశాక ఉద్యోగం వదిలి శిక్షకుడయ్యాడు. 1997లో పదేళ్ల లోపు బాలికల ప్రపంచ టైటిల్. 1998లో పన్నెండేళ్ల లోపు. 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా యువజన పోటీలు జరిగినప్పుడు పన్నెండేళ్ల లోపు విభాగంలో హంపి ఆడింది బాలికలతో కాదు, బాలురతో. వాళ్లందరినీ దాటి గెలిచింది.

2002 మే నెలలో బుడాపెస్ట్‌లో గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ఆమె వయసు 15 సంవత్సరాల 1 నెల 27 రోజులు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చదరంగంలో మహిళలకు వేరే బిరుదులున్నాయి, వాటికి అందుకోవలసిన మెట్టు తక్కువ. హంపి అందుకున్నది ఆ మెట్టు కాదు, మగవాళ్లు అందుకునే అసలు గ్రాండ్‌మాస్టర్ హోదా. అప్పటిదాకా అతి చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళ హంగరీకి చెందిన జూడిట్ పోల్గార్. ఆమెకంటే మూడు నెలల చిన్న వయసులోనే మన గుడివాడ పిల్ల ఆ గడప దాటింది.

అయితే ఆ గడప ముందు తలుపు తీసినవాళ్లు ఉన్నారు. అహ్మదాబాద్‌లో పన్నెండేళ్ల హంపి మగపిల్లల ఎదుట కూర్చోగలిగిందంటే, అంతకు 23 ఏళ్ల ముందు ఇంకో పిల్ల ఆ గొడవంతా పడింది కాబట్టి.

1976. రోహిణి ఖాడిల్కర్ వయసు 13. ముంబయి పిల్ల. తండ్రి నీలకంఠ ఖాడిల్కర్ 'నవాకాళ్' పత్రిక సంపాదకుడు. అక్కలు వాసంతి, జయశ్రీ కూడా గట్టి ఆటగాళ్లే. 1974లో తొలి జాతీయ మహిళా చాంపియన్ అయింది వాసంతి. చిన్నది రోహిణి మాత్రం పురుషుల జాతీయ చాంపియన్‌షిప్‌లో ఆడతానంది. ఆడింది కూడా. ఆ పోటీలో కూర్చున్న మొదటి ఆడపిల్ల ఆమె. గగ్గోలు పుట్టింది. మగవాళ్ల పోటీలో ఆడపిల్ల ఏమిటన్నారు. సంగతి హైకోర్టుకెక్కింది. తీర్పు రోహిణి వైపు వచ్చింది. ప్రపంచ చదరంగ సమాఖ్య దాకా విషయం వెళ్లింది. జాతీయ పోటీల్లో గానీ అంతర్జాతీయ పోటీల్లో గానీ ఆడవాళ్లను అడ్డగించడానికి వీల్లేదని సమాఖ్య అధ్యక్షుడు తేల్చాడు. ఈ లోపు ఆ పదమూడేళ్ల పిల్ల మూడు రాష్ట్రాల చాంపియన్లను ఓడించింది.

ఆ అధ్యక్షుడి పేరు మాక్స్ యూవే. డచ్ దేశస్థుడు, 1935లో ప్రపంచ చాంపియన్. ఆడవాళ్ల ఆట సత్తా ఆయనకు బాగా తెలిసే ఉంటుందని నేను నమ్ముతాను. ఎందుకంటే 1929లో కార్ల్స్‌బాద్ పోటీకి వేరా మెంచిక్ అనే మహిళ వచ్చింది. మహిళల మొదటి ప్రపంచ చాంపియన్ ఆమె. ఆల్బర్ట్ బెకర్ అనే ఆటగాడు నలుగురిలో ఎగతాళి చేశాడు. ఈమె చేతిలో ఓడినవాళ్లందరినీ కలిపి 'వేరా మెంచిక్ క్లబ్' పెడదామన్నాడు. ఆ క్లబ్బులో మొదటి సభ్యుడు బెకరే అయ్యాడు. తర్వాతి ఏళ్లలో ఆమె చేతిలో రెండుసార్లు ఓడి యూవే కూడా సభ్యుడయ్యాడు. ఆ ఓటములు తిన్న మనిషే నాలుగు దశాబ్దాలు దాటాక, ముంబయి పిల్ల తరఫున ఆ మాట చెప్పాడు. వేరా మెంచిక్ అది చూడలేదు. 1944లో లండన్ మీద పడిన జర్మన్ బాంబుకు ఆమె బలైంది.

మాట కాగితం మీదికి వచ్చినా అన్ని దేశాల్లో అమలు కాలేదు. 1986లో హంగరీలో సుసాన్ పోల్గార్ పురుషుల ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి దశకు అర్హత తెచ్చుకున్నా ఆడనివ్వలేదు.

ఇదంతా కోనరావుపేటలో కూర్చుని ఎందుకు రాస్తున్నావని అడగొచ్చు. సిరిసిల్ల జిల్లాలో మా మండలం నుంచి గ్రాండ్‌మాస్టర్లు రాలేదు. కానీ మా ఊళ్లల్లో ఆటలకు కొదవ లేదు. గద్దె మీద సుద్దతోనో బొగ్గుతోనో పులి–మేక గీత గీస్తారు. ఎత్తుకు పైఎత్తు, పులిని కట్టేయడానికి మేకల వ్యూహం. అది కూడా బుద్ధిబలం ఆటే. గద్దె మీద కూర్చునేది ఎవరు? మగవాళ్లు. ఆడవాళ్లకు ఆట రాదా? ఇంట్లో అష్టాచెమ్మా, పచ్చీసు ఆడేటప్పుడు వాళ్ల లెక్క ముందు ఎవరూ నిలవరు. గవ్వ పడకముందే నాలుగు గళ్ల అవతల ఏ కాయ చావబోతుందో చెప్పే అమ్మమ్మలు మా వాడకట్టులో ఉన్నారు. అయినా వాళ్ల ఆట గడప లోపలే, పని మధ్యలోనే. మగవాళ్ల ఆట నలుగురిలో, పని లేకుండా.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు వేల మంది ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. చేయి ఆగితే కూలి ఆగుతుంది. బడి నుంచి వచ్చిన పిల్ల తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తుంది, దారం చుడుతుంది. అదే వయసు మగపిల్లవాడు బ్యాటు పట్టుకుని బయటికి పోతాడు. చదరంగం నేర్చుకోవడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. కావలసింది ఎవరూ పిలవని రెండు గంటలు. మన ఇళ్లల్లో ఆడపిల్లకు అన్నిటికంటే తక్కువగా దొరికేది అదే.

ఆడవాళ్లు చదరంగంలో వెనకబడటానికి కారణం మెదడే అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మెరిమ్ బిలాలిచ్, సహపరిశోధకులు జర్మనీలోని లక్షా 20 వేల మంది ఆటగాళ్ల రేటింగులు తీసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ ఒక ఆడమనిషికి పదహారు మంది మగవాళ్లు ఆడుతున్నారు. ఇంత తేడా ఉన్నప్పుడు శిఖరం మీద మగవాళ్లే ఎక్కువగా కనబడటం లెక్క ప్రకారం సహజం. పై స్థాయిలో కనిపించే అంతరంలో 96 శాతం ఈ సంఖ్యల తేడా వల్లనే వస్తోందని వాళ్లు తేల్చారు. కూర్చునేవాళ్లే తక్కువైనప్పుడు గెలిచేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

చదరంగం పుస్తకాల్లో కనీసం నియమాలైనా సమానం. నియమం రాసిన పుస్తకమే ఆడవాళ్లను తక్కువ చేసిన ఆట కూడా ఉంది. అమెరికాలో 1974లో 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరిస్తారు, ఒకరు యోధుడు, ఒకరు మంత్రగాడు. పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడుపుతారు. బల్ల మీద ఆడే వేషమన్నమాట. 1978లో వచ్చిన నియమ పుస్తకంలో మనిషి యోధుడి బలం 18 దాకా, ఆపైన నూరు శాతం దాకా పెరగొచ్చు. పాత్ర ఆడది అయితే ఆ శాతం యాభై దగ్గర ఆగిపోవాలి. రాక్షసులు, మంత్రాలు ఉన్న ఊహాలోకంలో కూడా ఆడది సగం దగ్గరే ఆగాలని ఎవరో కూర్చుని రాశారు.

1979లో ఆ ఆట తయారుచేసే సంస్థ రూపకల్పన విభాగంలో చేరిన మొదటి మహిళ జీన్ వెల్స్. మరుసటి ఏడాది జూలైలో 'డ్రాగన్' పత్రికలో ఆమె, కిమ్ మోహన్ కలిసి ఒక వ్యాసం రాశారు. ఆడవాళ్లు సమానత్వం అడుగుతున్నారు, ఇస్తే తప్పేమిటన్నదే దాని సారం. 1981లో ఆమె రాసిన సాహస కథ అచ్చయి వచ్చీ రాకముందే, బొమ్మలు అభ్యంతరకరంగా ఉన్నాయని సంస్థ ప్రతులు వెనక్కి తీసుకుని ఇంకొకరి చేత తిరగరాయించింది. బలానికి పెట్టిన హద్దు 1989లో వచ్చిన రెండో కూర్పులో గానీ పోలేదు. జీన్ వెల్స్ 2012లో కన్నుమూసింది. ఇవాళ ఆ ఆట ఆడే అమ్మాయిలు ఆమె పేరు తెలుసుకోవాలి.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. 2022 జూలై, ఆగస్టు. చెన్నై దగ్గర మామల్లపురం. చదరంగం ఒలింపియాడ్ తొలిసారి మన దేశంలో జరుగుతోంది. భారత మహిళల జట్టు మొదటి బల్ల మీద హంపి. రెండో బల్ల మీద ద్రోణవల్లి హారిక, నిండు నెలల గర్భిణి.

హారిక దేశం తరఫున మొదట ఆడింది పదమూడేళ్ల వయసులో, 2004లో. 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడుసార్లు, 2012, 2015, 2017లలో, కాంస్యం గెలిచింది. ఒలింపియాడ్ పతకం మాత్రం పద్దెనిమిదేళ్లుగా అందలేదు. సొంత గడ్డ మీద పోటీ అని తెలిసినప్పుడు డాక్టరును అడిగింది. ఆరోగ్యం సరిగా ఉంటే ఆడవచ్చన్నారు. అంతే, అప్పటినుంచి బతుకంతా ఆ పోటీ చుట్టూ తిరిగిందని ఆమె తర్వాత రాసుకుంది. సీమంతం వద్దంది. వేడుకలు వద్దంది. ఏదైనా పతకం తర్వాతే.

మన ఇళ్లల్లో తొమ్మిదో నెల అంటే ఎంత హడావిడో తెలుసు కదా. లేవకు, వంగకు, దీపాలవేళ బయట తిరగకు. ఆ నెలలో ఒక బిడ్డ గంటల తరబడి కుర్చీలో కూర్చుని, కడుపు బల్లకు తగులుతుంటే వెనక్కి జరుగుతూ, అరవై నాలుగు గళ్ల మీద చూపు నిలిపింది. అవసరానికి వైద్యసాయం సిద్ధంగా ఉంచారు. ఆడపిల్లలు అర్హత తెచ్చుకుంటే చేయవలసిన పద్ధతి ఇదే. ఆమెను ఇంటికి పొమ్మనలేదు, ఆమె కూర్చునేలా ఏర్పాటు చేశారు. ఆగస్టు 9న హంపి, హారిక, వైశాలి, తానియా సచ్‌దేవ్, భక్తి కులకర్ణి మెడల్లో కాంస్యం పడింది. మహిళల ఒలింపియాడ్‌లో భారత్‌కు అదే మొదటి పతకం. అదే నెలలో హారిక తల్లయింది.

హంపి కథలోనూ ఇలాంటి మలుపే ఉంది. 2017లో కూతురు పుట్టింది. దాదాపు రెండేళ్లు ఆటకు దూరం. చదరంగంలో రెండేళ్లు అంటే చిన్న సంగతి కాదు, కొత్త కొత్త ప్రారంభపుటెత్తులు వచ్చిపడతాయి, చేతివేగం తగ్గుతుంది. 2018లో తిరిగి వచ్చింది. 2019 డిసెంబర్, మాస్కో. చైనాకు చెందిన లెయ్ తింగ్‌జియేతో టైబ్రేక్. మొదటి ఆట ఓడింది. రెండోది గెలిచి సమం చేసింది. ఇక మిగిలింది ఒకే ఒక్క నిర్ణాయక ఆట. అది ముగిసేసరికి ప్రపంచ చాంపియన్ మన హంపి. పిల్ల పుట్టాక ఇక ఆట ఎందుకు అనే లోకానికి ఇంతకంటే జవాబేం కావాలి?

కుర్చీ దొరికాక కూడా చూపుల బాధ తప్పలేదు. 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లో ఒక పెద్ద పోటీ ఆడి వచ్చిన పద్దెనిమిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్ తన మనసులోది బయటపెట్టింది. తాను మంచి ఆటలు ఆడినా చూసేవాళ్లు జుట్టు, బట్టలు, మాట్లాడే యాస గురించే రాస్తున్నారని, మగ ఆటగాళ్లకు ఈ బాధ లేదని నిర్మొహమాటంగా చెప్పింది. నాగపూర్ పిల్ల. ఆ వయసులో అది చెప్పడానికి ధైర్యం కావాలి. నోరు మూసుకుని ఊరుకోమని సలహా ఇచ్చేవాళ్లకు మన సమాజంలో కరువు లేదు.

ఏడాదిన్నర తిరక్కుండా, 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. బల్లకు ఒక పక్క 38 ఏళ్ల హంపి, మరో పక్క 19 ఏళ్ల దివ్య. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన నాటికి దివ్య పుట్టనే లేదు. రెండు పెద్ద ఆటలూ డ్రా అయ్యాయి. జూలై 28న ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ గెలుపుతో గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది. హంపి ఓడినందుకు తెలుగువాళ్లుగా మనకు బాధ కలిగింది, నిజమే. కానీ ఆ ఫైనల్లో రెండు కుర్చీల్లోనూ భారతీయ మహిళలే ఉండటం చూసి నాకు కలిగిన సంతోషం ముందు ఆ బాధ నిలవలేదు.

దివ్య మన దేశానికి 88వ గ్రాండ్‌మాస్టర్. ఆ 88 మందిలో ఆడవాళ్లు నలుగురు: హంపి, హారిక, వైశాలి, దివ్య. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు అని గర్వపడదాం. కానీ తక్కిన 84 కుర్చీల్లో మగవాళ్లే ఎందుకున్నారో కూడా అడుగుదాం. హంపి తండ్రి ఉద్యోగం వదిలాడు, ఖాడిల్కర్ ఇంట్లో కూతురి కోసం కోర్టు దాకా వెళ్లారు. అందరూ అంత చేయలేరు. చేయగలిగింది వేరే ఉంది.

కోనరావుపేటలోనైనా, కోరుట్లలోనైనా, జగిత్యాలలోనైనా, బడిలో చదరంగం బల్ల ఉంటే పోటీకి ఆడపిల్లల పేర్లు కూడా రాయించండి సార్లూ, టీచరమ్మలూ. ఆటల పీరియడ్‌లో వాళ్లను ముగ్గులకు, చీపుర్లకు పంపకండి. గద్దె మీద పులి–మేక ఆడే పెద్దమనుషులారా, మనవరాలు వచ్చి పక్కన నిలబడితే అవతలి వైపు కూర్చోబెట్టండి. అమ్మలూ నాయనలూ, పిల్ల బల్ల ముందు కూర్చున్న గంటసేపు నీళ్లకనీ, తమ్ముణ్ని ఎత్తుకొమ్మనీ, చాట పట్టుకొమ్మనీ పిలవకండి. పన్నెండేళ్లు వచ్చాయని, పెద్దమనిషి అయిందని ఆట మాన్పించకండి. మగపిల్లవాడికి ఇస్తున్న ఆ గంట ఆమెకూ ఇవ్వండి, రోజూ ఇవ్వండి.